రోలులో నీళ్ళు

మా అమ్మ జీవితంలో మొదటిసారి శ్మశానంలో కాలు పెట్టింది ఐర్లండ్‌లో. అప్పటికి ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. నాన్న పోయి పదిహేనేళ్ళు.

అది 2011 మే నెల. నేను డబ్లిన్‌లో ఉద్యోగంలో చేరి మూడేళ్ళయింది. అమ్మ మూడు నెలలు ఉండి వెళ్దామని వచ్చింది. మొదటి వారంలోనే ఊళ్ళో చూపించవలసినవన్నీ చూపించేశాను. లిఫీ నది వంతెన మీద నిలబెడితే కిందికి ఒకసారి చూసి, "ఇదేనా నది?" అంది. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళతో వచ్చే చిక్కే ఇది. ప్రపంచంలో ఏ నదిని చూపించినా పంటకాలువ కింద జమకడతారు. ఆఫీసులో ఒకాయన, "విక్లో కొండల్లో గ్లెండలాక్ ఉంది, అక్కడికి తీసుకెళ్ళు. రెండు సరస్సులు, పాత చర్చిలు. మీ అమ్మగారికి నచ్చుతుంది" అన్నాడు. ఆ పేరుకు అర్థమే రెండు సరస్సుల లోయ అట. సమాధుల సంగతి ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

శనివారం సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ దగ్గర బస్సెక్కాం. నేత చీర మీద నా స్వెట్టరు, కాళ్ళకు తెల్ల బూట్లు, తలకు మంకీ క్యాప్. ఇవి కాక చేతిలో పులిహోర, పెరుగన్నం డబ్బాల సంచీ. బ్రే దాటి కొండదారి పట్టాక రోడ్డుకు రెండు పక్కలా ముళ్ళపొదలు పసుప్పచ్చగా పూసి ఉన్నాయి. "ఆవచేలా?" అని అడిగింది. కాదన్నాను. గొర్రెల వీపుల మీద నీలం, ఎరుపు రంగు గుర్తులు చూసి, కనుమకు మన ఎడ్ల కొమ్ములకు పూసినట్టు పూశారని సంబరపడింది. ఏ మంద ఎవరిదో తెలియడానికి వేసే గుర్తులవి అని నేను చెప్పబోయి ఊరుకున్నాను. కనుమే బాగుంది.

బస్సు దిగి కొంచెం నడిస్తే రాతి కమాను వస్తుంది. ఒకదాని వెనక ఒకటి రెండు కమానులు. ఒకప్పుడు వాటి పైన మేడ కూడా ఉండేదట. లోపల కుడి పక్క గోడలో ఒక పెద్ద రాయి మీద శిలువ చెక్కి ఉంటుంది. ఆ శిలువ దాటి లోపలికి వచ్చినవాణ్ణి ఇక ఎవరూ ముట్టుకోకూడదు, వాడు ఎంత తప్పు చేసినా సరే. అభయం అన్నమాట. నేను పలక మీద రాసింది చదివి తెలుగులో చెబుతుంటే, అమ్మ చూపు కమాను అవతల ఉంది. గడ్డిలో వంకరటింకరగా నిలబడిన రాళ్ళు వందలకొద్దీ కనిపిస్తున్నాయి.

"అవన్నీ ఏమిట్రా?"

"సమాధులు."

"గుడి అన్నావు కదా?"

"గుడే. గుడి చుట్టూ సమాధులు."

అమ్మ కమాను కిందే ఆగిపోయింది. ఆమెకు వచ్చిన సందేహం నాకు వెంటనే అర్థం కాలేదు. తరవాత నెమ్మదిగా అడిగింది. "మరి చెప్పులు విప్పాలా, అక్కర్లేదా?"

నా దగ్గర జవాబు లేదు. మా వీధిలో ఎవరైనా పోతే శవం లేచేదాకా రామాలయం తలుపు తీసేవారు కాదు. గుడి ఒక చివర, వల్లకాడు ఇంకో చివర, మధ్యలో ఊరు. అలాంటి ఊరి మనిషిని తీసుకొచ్చి, గుడీ వల్లకాడూ ఒకే గోడలో ఉన్న చోట నిలబెట్టాను. పైగా మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆ చోటికి వెళ్ళరు. వెనక్కి వెళ్దామా అన్నాను. "ఇంత దూరం వచ్చి వెనక్కి ఎందుకు? ఇంటికెళ్ళి తలంటుకుంటే సరి" అని, బూట్లు విప్పకుండానే, గుమ్మం దాటుతున్నట్టు కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చింది.

లోపల ముందు కంటికి ఆనేది గుండ్రటి రాతి బురుజు. దాదాపు ముప్ఫై మీటర్ల ఎత్తు, వెయ్యేళ్ళనాటిది. పైన శంకువులా ఉన్న కప్పు ఒకప్పుడు పడిపోతే, అవే రాళ్ళు ఏరి 1876లో మళ్ళీ పేర్చారు. దాని తలుపు నేలకు మూడున్నర మీటర్ల పైన ఉంటుంది. ఐరిష్ భాషలో ఇలాంటి బురుజును గంట ఇల్లు అంటారు. పూజ వేళకు పైనుంచి గంట మోగించేవారు, కొండల్లో దారి తప్పినవాళ్ళకు ఇదే ఆనవాలు. తలుపు అంత ఎత్తున పెట్టింది దొంగలొస్తే నిచ్చెన పైకి లాక్కోవడానికి అంటారు కొందరు. అంత బరువైన గోడకు అడుగున కన్నం పెడితే నిలవదని, అందుకే పైన పెట్టారని ఇంకొందరు. అమ్మ ఈ రెండూ విని, "గాదె కూడా అంతే కదా, తలుపు పైనే ఉంటుంది" అంది. సరుకులు దాచుకునేవారని కూడా పలక మీద ఉంది. అది నేను ఆమెకు ఇంకా చదవలేదు.

ఈ చోటికి మూలపురుషుడు కెవిన్ అనే ముని. 6వ శతాబ్దంలో ఒంటరిగా తపస్సు చేసుకోవడానికి ఈ లోయకు వచ్చాడు. 618లో పోయాడనీ, అప్పటికి నూట ఇరవై ఏళ్ళనీ చెబుతారు. ఒంటరితనం కోరి వచ్చినవాడి చుట్టూ శిష్యులు చేరారు, మఠం లేచింది, మఠం ఊరంత అయింది. పడవల మీద వచ్చిన వైకింగులు దోచుకున్నారు, కట్టెతో కట్టినవన్నీ తగలబడ్డాయి, రాతితో మళ్ళీ కట్టుకున్నారు. 1214లో ఇక్కడి బిషప్ పీఠాన్ని డబ్లిన్‌లో కలిపేశారు, దాంతో ప్రాభవం పోయింది. 1398లో ఇంగ్లీషు సేనలు వచ్చి మిగిలినదాన్ని ధ్వంసం చేశాయి.

ఇదంతా నేను చెబుతున్నది కప్పులేని పెద్ద చర్చి నడిబొడ్డున నిలబడి. గోడల అడుగు వరసల్లో పెద్దపెద్ద రాళ్ళు ఉన్నాయి. వాటిలో అభ్రకం కలిసి ఉంటుంది. మబ్బు తొలగి ఎండ పడినప్పుడు గోడ సన్నగా మిలమిల మెరిసింది. గూడూరు అభ్రకం గురించి చిన్నప్పుడు భూగోళం పుస్తకంలో బట్టీపట్టిన మాట అప్పుడు గుర్తొచ్చింది. నేలంతా గులకరాళ్ళు, కప్పు స్థానంలో ఆకాశం. అమ్మ తల పైకెత్తి చాలాసేపు చూసింది. "వాన పడితే దేవుడి మీదే పడుతుంది" అంది. అందులో జాలి ఉందో, సంతోషం ఉందో తెలియలేదు.

సమాధుల మధ్య నడవడానికి మొదట్లో భయపడింది. ఎవరి మీద కాలు పడుతుందోనని చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, వరిచేను గట్టు మీద నడిచినట్టు నడిచింది. పాత పలకల మీద అక్షరాలు అరిగిపోయాయి. నాచు, పాకుడు, తెల్లటి మచ్చలు. 18వ శతాబ్దం నుంచి మొదలుపెట్టి 20వ శతాబ్దం దాకా పక్కపక్కనే ఉన్నాయి. చదవమంది. చదివి చెప్పాను. ఇక్కడ పోయినవాళ్ళ పేరు కంటే ముందు రాయి వేయించినవాళ్ళ పేరు ఉంటుంది. ఫలానావాడు తన భార్య జ్ఞాపకార్థం నిలిపినది, ఆమె ఫలానా ఏట, ఫలానా తేదీన, ఇన్నేళ్ళ వయసులో ఈ లోకం విడిచింది. కింద పిల్లల పేర్లు, కొన్నిటికి వయసు నెలల్లో. అలా పదిహేనో, ఇరవయ్యో చదివించింది. నాకు చలి వేస్తోంది. ఆమెకు వేస్తున్నట్టు లేదు.

"మన ఊళ్ళో క్రైస్తవుల పేటలో నవంబరులో సమాధులకు సున్నాలు వేసి కొవ్వొత్తులు పెడతారు, గుర్తుందా? బస్సులోంచి దీపాలు కనబడేవి. ఎవరి దగ్గరకు వాళ్ళు వెళ్ళి కూర్చునేవారు" అంది. గుర్తుంది. ఆ రాత్రి ఆ తోట ఊరన్నిటికంటే వెలుగుగా ఉండేది.

అక్కడే కొంచెం దిగువన రాతికప్పు చెదరని చిన్న చర్చి ఒకటి ఉంది. దాని మీద గంటగోపురం అచ్చం పొగగొట్టంలా ఉంటుంది కాబట్టి జనం దాన్ని కెవిన్ వంటిల్లు అంటారు. వంటిల్లు అనగానే అమ్మకు ప్రాణం లేచొచ్చింది. కటకటాల్లోంచి తొంగిచూసి, పొయ్యి లేదని తేల్చి, నిరాశపడింది.

వాగు మీద చెక్క వంతెన దాటితే అవతల గట్టున పెద్ద బండ ఒకటి ఉంది. దాని మధ్యలో నున్నగా గుంట. గుంటలో వాననీళ్ళు, రెండు ఎండుటాకులు. దీన్ని లేడి రాయి అంటారు. నేను పలక వెతుక్కునే లోపలే అమ్మ దాని ముందు కూర్చుని, అంచు చుట్టూ చెయ్యి తిప్పుతూ, "ఇది రోలు రా" అంది.

రోలే. నలభై ఏళ్ళు రోటిపచ్చడి నూరిన చెయ్యి పొరబడదు. ఇలాంటి గుంటల రాళ్ళు ఐర్లండ్‌లో పాత మఠాల దగ్గర చాలా కనిపిస్తాయి. దేనికి వాడారో పండితులు రకరకాలుగా చెబుతారు. మందులు నూరారనీ, ధాన్యం దంచారనీ. జనం మాత్రం కథ చెప్పుకున్నారు. కెవిన్ మనుషుల్లో ఒకడి భార్య కవలల్ని కని చనిపోయింది. పిల్లలకు పాలు లేవు. ముని ప్రార్థిస్తే అడవిలోంచి ఒక లేడి వచ్చి, రోజూ ఈ గుంటలో పాలు విడిచి వెళ్ళేదట. "తిరుమల పుట్టలో ఆవు విడిచినట్టు" అంది అమ్మ, ఇది తనకు ముందే తెలిసిన సంగతి అన్నట్టు. ఇలాంటి రాళ్ళలో నిలిచిన నీళ్ళు రాసుకుంటే నొప్పులు పోతాయని కూడా నమ్ముతారని నోరుజారాను. వెంటనే వేళ్ళు ముంచి, చీర కొంచెం ఎత్తి, కుడి మోకాలికి రాసుకుంది.

"అమ్మా, అవి వాన నీళ్ళు."

"గోదావరిలో ఉన్నవి మాత్రం ఏమిటి?"

అక్కడి నుంచి చెట్ల కింద దారిలో నడుస్తూ పై సరస్సుకు వెళ్ళాం. దారిలో కెవిన్ కథ ఇంకొకటి చెప్పాను. మోకరించి చేతులు చాపి ప్రార్థన చేస్తుంటే ఒక నల్లపిట్ట వచ్చి అరచేతిలో గూడు కట్టుకుందట. గుడ్లు పొదిగి పిల్లలయ్యేదాకా చెయ్యి కదపలేదట. 12వ శతాబ్దంలోనే జెరాల్డ్ అనే వేల్సు దేశపు మతాచార్యుడు ఈ కథ రాసిపెట్టాడు. నేను అమ్మను అబ్బురపరిచానని అనుకున్నాను. అమ్మ నడక ఆపకుండా, "జాజలి" అంది.

నాకు తెలియదు. అప్పుడు ఆమె చెప్పింది. భారతం శాంతిపర్వంలో జాజలి అనే ముని కొయ్యలా నిలబడి తపస్సు చేస్తుంటే పిట్టల జంట జడల్లో గూడు కట్టింది. గుడ్లు పెట్టి, పిల్లలై, రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా కదలలేదు. అంతవరకూ ఇదే కథ. కానీ అవి వెళ్ళిపోయాక జాజలి, నా అంత ధర్మం తెలిసినవాడు లేడని జబ్బలు చరుచుకున్నాడు. కాశీలో సరుకులమ్ముకునే తులాధారుడి ముందు నువ్వు ఎందుకూ చాలవని ఆకాశం పలికింది. మా ఊరి సత్రంలో పురాణం చెప్పే శాస్త్రిగారి దగ్గర విన్నదట. "మరి మీ కెవిన్ తరవాత గర్వపడ్డాడా?" అని అడిగింది. ఆ సంగతి ఎక్కడా రాయలేదన్నాను. "అయితే మంచివాడే" అంది. చదువుకున్నవాణ్ణి నేను, అయిదో తరగతి దాటనిది ఆమె. ఆ దారి పొడవునా పలకలు చదివింది నేనైనా, అర్థం చెప్పింది ఆమే.

పై సరస్సు ఒడ్డున గడ్డి మీద డబ్బాలు విప్పాం. సమాధుల గోడ లోపల తిననని ముందే చెప్పింది. రెండు కొండల మధ్య నల్లటి నీళ్ళు, అవతల కొండవాలులో కెవిన్ పడుకున్నాడని చెప్పే చిన్న గుహ. మెడ దగ్గర బూడిదరంగున్న చిన్న కాకులు నాలుగు చుట్టూ చేరాయి. అమ్మ పులిహోర ముద్ద విసిరింది. ఒకటి వెంటనే ముక్కున కరుచుకుంది.

"ఇక్కడి కాకులు నయం. మీ నాన్న కాకి గంటన్నర తిప్పలుపెట్టింది" అంది.

పదో రోజు సంగతి అది. పిండాలు పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. కాకులు చెట్టు మీద ఉన్నాయి, దిగవు. గారెలు పెట్టారు, కాఫీ పెట్టారు. ఎండ నెత్తికెక్కింది. చివరికి మా మేనమామ ముందుకెళ్ళి, చేతులు జోడించి, "బావా, పిల్లవాడి చదువు నేను చూసుకుంటాను" అన్నాడు. అప్పుడు దిగింది. ఆయన చూసుకున్నాడు కూడా. ఈ డబ్లిన్ ఉద్యోగం ఆ కాకి పుణ్యమే.

తిన్నాక పక్కనే చెట్లలో ఉన్న రీఫర్ట్ అనే చిన్న చర్చికి వెళ్ళాం. పేరుకు రాజుల సమాధిస్థలం అని అర్థం. ఓటూల్ వంశపు రాజులను అక్కడ పూడ్చారంటారు. 11వ శతాబ్దపు కట్టడం. కప్పు లేదు, గోడలు ఉన్నాయి, చుట్టూ మొరటు రాళ్ళు, పేర్లు లేవు. కిందికంటే చాలా నిశ్శబ్దంగా ఉంది. అమ్మ గోడ అంచున కూర్చుంది. రాజులకే పేర్లు మిగల్లేదని నేనేదో తెలివిగా అనబోతున్నాను.

"ఆ రోజు అక్కడ ఎలా ఉందిరా?" అంది.

ఎక్కడ అని అడగలేదు నేను.

1996లో నాన్న పోయినప్పుడు నాకు పదిహేడేళ్ళు. నిప్పు పెట్టింది నేనే. ఇంటికి తిరిగొచ్చాక ఎవరూ ఏమీ అడగలేదు. చెప్పకూడదని కూడా ఎవరూ అనలేదు. అడగరు, అంతే. అస్థికలు కోటిపల్లి రేవులో కలిపాం. గోదావరి తీసుకుపోయింది. చూడడానికి ఎక్కడా ఏమీ లేదు.

"నేను వీధి మలుపు దాకా చూశాను. బియ్యం కొట్టు దగ్గర తిరిగారు. అంతే" అంది.

చెప్పాను. దారిలో దింపుడు కళ్ళెం దగ్గర చెవిలో మూడుసార్లు పిలవమంటే నా గొంతు పెగల్లేదని, మావయ్య పిలిచాడని. కుండ భుజాన పెట్టుకుని తిరిగేటప్పుడు నీళ్ళు వీపు మీద చల్లగా పడ్డాయని. మామిడి కట్టెలు పచ్చిగా ఉండి ముందు పొగే వచ్చిందని. కాటికాపరి నన్ను "బాబూ, ఇక ఇటు చూడొద్దు" అని వెనక్కి తిప్పాడని. తిప్పితే ఎదురుగా చెట్టు, కొమ్మల్లో ఎవరో పిల్లల గాలిపటం చిక్కుకుని ఉందని. అందరూ లెమ్మనేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నానని.

"చెట్టు ఉందా అక్కడ?"

"ఉంది. చింతచెట్టు."

"పెద్దదా?"

"పెద్దదే."

"నాన్న ఉన్నవైపు నీడ పడుతుందా?"

గుర్తుచేసుకున్నాను. పొద్దున పడదు. "మధ్యాహ్నం దాటితే పడుతుంది" అన్నాను.

"పోనీలే" అంది. మంకీ క్యాప్ తీసి, మడిచి, సంచీలో పెట్టుకుంది. బస్సుకు టైమెంత అని అడిగింది.

ఇంటికి చేరేసరికి రాత్రి ఏడు దాటింది. గుమ్మం బయటే నిలబడి నన్ను ముందు వెళ్ళి నీళ్ళు తెమ్మంది. అపార్ట్‌మెంటు వరండాలో కాళ్ళు కడిగితే పక్కవాళ్ళు ఏమనుకుంటారని నేను, ఏమనుకున్నా సరేనని ఆమె. వేడినీళ్ళ మీట పొద్దున కట్టేసి వెళ్ళాను, కాగడానికి గంట పడుతుంది. ఆగలేదు. డబ్లిన్ చన్నీళ్ళతో తలంటుకుంది. నన్నూ పోసుకోమంది. "ఎనిమిది వందల ఏళ్ళ కిందట పోయినవాళ్ళ మైల మనకెందుకమ్మా?" అన్నాను. "వాళ్ళది కాదు" అంది తడి జుట్టు తువ్వాలుతో చుట్టుకుంటూ. నేనూ పోసుకున్నాను. రెండు రోజులు ఇద్దరికీ జలుబు.

ఆ తరవాత అమ్మ మళ్ళీ ఇటు రాలేదు. మోకాళ్ళు అంత ప్రయాణానికి ఒప్పుకోవు. ఆ రోజు రాసుకున్న నీళ్ళు రెండు నెలలు పనిచేశాయని మాత్రం ఇప్పటికీ అంటుంది.

పోయిన అక్టోబరులో మా అమ్మాయి బడివాళ్ళకు సెలవులిస్తే గ్లెండలాక్ తీసుకెళ్ళాను. దానికి తొమ్మిదేళ్ళు, సమాధుల మధ్య గంతులేసుకుంటూ పోయింది. పై సరస్సు పక్క కొండ మీదికి చెక్క మెట్లున్నాయి, ఆరువందల దాకా ఉంటాయంటారు. అది నాకంటే ముందే పైకెక్కి, కిందికి చూసి నవ్వింది. దిగేటప్పుడు నాకు కుడి మోకాలు పట్టేసింది.

కారు దగ్గరకు వచ్చాక అమ్మకు ఫోను చేశాను. బురుజు గురించి అడగలేదు, చర్చి గురించి అడగలేదు.

"రోలులో నీళ్ళున్నాయా?"

"ఉన్నాయి."

"అమ్మాయి ఇందాక చెప్పింది, కుంటుతున్నావట. రాసుకున్నావా?"

లేదన్నాను. అవతల నుంచి మాట లేదు. ఫోను పెట్టేసి, అమ్మాయిని వాళ్ళమ్మ దగ్గర కూర్చోబెట్టి, వంతెన వైపు మళ్ళీ నడిచాను.